ఇంటి పాటను పదిలపఱచుట



ఊరగాయకు జాడీ, పెరుగునకు రాచిప్ప, నేతికి గిన్నె — వస్తువునుబట్టి పాత్ర నేర్పఱచుట మనకు పుట్టినింటనే అలవడిన విద్య. కళాయి లేని యిత్తడి గిన్నెలో పులుసు నిలువయుంచిన యిల్లాలిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుదురు. పాట విషయమున మాత్రము మన కీ వివేకము చాలుట లేదు. కొందఱు పాటలను నోటుపుస్తకమున వ్రాసి, దాచితిమి గదా యని తృప్తిపడుదురు. కొందఱు ఫోనునకు వినిపించి ఊరకుందురు. కొందఱ యిండ్లలో పిల్లలు సంగీతపు కీబోర్డును కంప్యూటరునకు తగిలించి, పాట అంతయు లోపల నున్నదని చెప్పుదురు. ఈ మూడును మంచి పాత్రలే. కాని దేనిలో ఏది నిలుచునో, దేనిలోనుండి ఏది కాఱిపోవునో తెలియక దాచినచో, కొన్ని యేండ్లకు మూత తీసి చూచునప్పుడు మనము కోరిన వస్తువు కాక మఱియొకటి కానవచ్చును. పోయిన యేడు మా యింట జరిగిన యొక ప్రయత్నమున ఈ సంగతి మాకు బోధపడినది. తోడి గృహిణులకు ఉపకరించునను తలంపుతో దానిని ఇచట వ్రాయుచున్నాము.

మేము విజయవాడలో ఆటోనగర్ చేరువనే యొక మేడమీది వాటాలో కాపురమున్నాము. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఈ పేట నెఱుగనివారికి రెండు మాటలు చెప్పవలయును. ఇది మోటారు బండ్ల వైద్యశాల. ఒక షెడ్డులో లారీకి క్రొత్తగా బాడీ కట్టుచుందురు. దాని ప్రక్క షెడ్డులో కమాను కట్టలు విప్పి సరిచేయుచుందురు. ఆవల లేతు తిరుగుచుండును. ఈవల వెల్డింగు చిటపటలాడుచుండును. ఇనుపఱేకుమీద సమ్మెట పడు చప్పుడు ప్రొద్దెక్కినది మొదలు దీపములు పెట్టువఱకు ఆగదు. క్రొత్తగా బిగించిన హారను మ్రోగునో లేదో యని పదిసారులు మ్రోగించి చూతురు. దీనికి తోడు బందరు రోడ్డు బస్సుల రొద. ఈ చప్పుడు మాకు ద్వేష్యము కాదు. వేలకొలది కుటుంబముల యన్నము అందుననే యున్నది. ఇట్టి చోట సంగీతమా యని మీరు చిఱునవ్వు నవ్వవచ్చును. చదివిన పిదప మీకే తెలియును, ఈ చప్పుడే మాకొక పాఠమును చెప్పినది.

మా అత్తగారికి ఇప్పుడు డెబ్బదియైదేండ్లు. ఆమె పుట్టినిల్లు దివిసీమలో అవనిగడ్డ చేరువనున్న యొక పల్లె. ఆమెకు తల్లివలన వచ్చిన స్త్రీధనము పాటలే. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు మొదలగు పెద్ద పాటలు మొదలుకొని లాలి, మేలుకొలుపు, మంగళహారతి, తలుపు దగ్గఱ పాట, అప్పగింతల పాట వఱకు ఆమెకు రానిది లేదు. ఆ పాటలన్నియు ఆమె తల్లిగారు ఒక లావుపాటి పుస్తకమున వ్రాసియుంచిరట. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచినపుడు వేలకొలది ప్రాణములు పోయినవి. మా అత్తగారు అప్పటికి కాపురమునకు వచ్చి బెజవాడలో నుండిరి. నీరు తీసిన పిదప పుట్టినింటికి పోయి చూడగా గోడలు మాత్రమే మిగిలినవి. పుస్తకము లేదు, ఆ పుస్తకము లేకుండనే పాడగల పినతల్లి, మేనత్తలును లేరు. నాటినుండి ఆ పాటలు ఆమె కంఠమున మాత్రమే యున్నవి.

ఆ మాటలను మేము కాపురమునకు వచ్చిన తొలి యేండ్లలోనే వ్రాసికొంటిమి. ఇదివఱకే నేదునూరి గంగాధరముగారు, బిరుదురాజు రామరాజుగారు మున్నగు పెద్దలు పల్లెపల్లెకు తిరిగి ఇట్టి పాటలను సేకరించి అచ్చొత్తించియున్నారు. వారి యుపకారము చెప్పనలవి కానిది. కాని అచ్చు పుస్తకమున మాట నిలుచును, బాణీ నిలువదు. ఒక్కటే పాటను గోదావరి యొడ్డున నొకతీరుగను, దివిసీమలో నొకతీరుగను పాడుదురు. దీర్ఘమును ఎచట సాగదీయుదురో, ఎచట ఊపిరి తీయుదురో, ఏ మాటకు గొంతు సన్నగిలునో కాగితమునకు తెలియదు. పోయిన చలికాలమున మా అత్తగారికి పట్టిన దగ్గు రెండు నెలలు విడువలేదు. అటుపిమ్మట పై స్థాయికి పోవునప్పుడు ఆమె గొంతు తెగిపోవుచుండెను. ఇంక జాగు చేయరాదని మాకు తోచినది.

మా అమ్మాయి ఎనిమిదవ తరగతి చదువుచున్నది. రెండేండ్లనుండి కీబోర్డు నేర్చుకొనుచున్నది. మా వారికి పాఠములకొఱకు కొన్న కంప్యూటరొకటి యున్నది. రెంటిని ముడివేసినచో మామ్మ పాటలను తానే దాచగలనని అమ్మాయి పట్టుబట్టినది. మాకు నాయనగారు ఇంటనే అమరమును, రఘువంశమును, భారతమున కొన్ని పర్వములును చెప్పిరే కాని, యంత్రముల చదువు మేము బడిలో చదివినది కాదు. అయినను వంటింటిలో క్రొత్త పొయ్యి వచ్చినపుడు దాని గుణము తెలిసికొనక ఊరకుందుమా? కూతురితోపాటు మేమును కూర్చుంటిమి.

మొదట చూడవలసినది కీబోర్డు వీపు. అచట చదరముగా నున్న చిన్న రంధ్రము కానవచ్చినచో పని సులువు. అది యు.ఎస్.బి. ద్వారము. ఇంటిలో ప్రింటరున్నచో దానికి తగిలించు తీగయే సాధారణముగా దీనికిని సరిపోవును; చదరపు కొస కీబోర్డునకు, బల్లపరుపు కొస కంప్యూటరునకు. అట్లు గాక అయిదు సూదుల గుండ్రని రంధ్రములు మాత్రమే యున్నచో అది పాతకాలపు కీబోర్డు. దానికి నడుమ మఱియొక చిన్న పరికరమును కొనవలసియుండును. చెవికి తగిలించుకొను హెడ్‌ఫోను రంధ్రము తప్ప మఱేమియు లేని చిన్న కీబోర్డులును గలవు. వానినుండి వట్టి ధ్వనిని మాత్రమే తీసికొనగలము. కొనబోవునప్పుడు రంగును, మెట్ల సంఖ్యను చూచుటకు ముందు వీపు త్రిప్పి చూడుడు.

మాది చదరపు ద్వారము గలది. తీగ తగిలించి, ఉచితముగా దొరకు నొక సాఫ్టువేరును తెఱచి, అమ్మాయి మెట్టు నొక్కినది. తెఱమీద రంగుగీతలు వరుసగా పడుచున్నవి. కంప్యూటరు మాత్రము మూగ. "గీతలు పడుతున్నాయమ్మా, మోగదేం?" అని అది అడిగినది. ఈ ప్రశ్నకు సమాధానము దొరకినచో తక్కిన శాస్త్రమంతయు చేతికి వచ్చినట్లే.

ఆ తీగలో పోవునది ధ్వని కాదు, ఆజ్ఞ. ఫలానా మెట్టు నొక్కబడినది, ఇంత వేగముగా నొక్కబడినది, ఇప్పుడు విడువబడినది — ఇంతియే ఆ తీగ మోయు సమాచారము. ఒక్కొక్క మెట్టునకు సున్న మొదలు 127 వఱకు నొక సంఖ్య యుండును. నడిమి స్థాయిలో పాశ్చాత్యులు 'సి' యని పిలుచు మెట్టునకు సంఖ్య 60. నొక్కిన వేగమునకును 127 వఱకే లెక్క. ఆ సంఖ్యలను అందుకొని, ఈ యాజ్ఞను వీణగా వినిపింతునా, వేణువుగా వినిపింతునా యని నిర్ణయించునది కంప్యూటరులోని వాద్యపు సాఫ్టువేరు. ఆ వాద్యమును ఏర్పఱచువఱకు గీతలు పడునే కాని మ్రోత యుండదు. సంగీతము నేర్చిన సోదరీమణులకు ఒక్క మాటలో చెప్పవలెనన్న, తీగలో పోవునది స్వరలిపి, గాత్రము కాదు. అందుచేతనే ఒక పాట యంతయు కొద్ది కిలోబైట్లలో ఇమిడిపోవును. ఒక్క ఛాయాచిత్రమునకు పట్టు చోటున ఇట్టివి వందలకొలది పట్టును.

ఈ పద్ధతికి మిడి యని పేరు. ఇది పుట్టిన కథ ఆటోనగర్ వారికి సులభముగా తెలియును. ఒక కంపెనీ బోల్టునకు వేఱొక కంపెనీ నట్టు సరిపోవుచున్నదన్న, మర కొలత అందఱికి నొక్కటి యగుటవలననే గదా. వాద్యయంత్రములకు 1983వ సంవత్సరమునకు ముందు అట్టి సమానమైన కొలత లేదు. ఒకరి యంత్రము మాట మఱియొకరి యంత్రమునకు తెలియదు. జపానులో రోలాండు కంపెనీని స్థాపించిన ఇకుతారో కకెహాషీ, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీని నడపిన డేవ్ స్మిత్ అను నిరువురు పూనుకొని తక్కిన కంపెనీలను కూడగట్టిరి. 1983వ సంవత్సరము జనవరిలో కాలిఫోర్నియాలోని ఆనహైమ్ పట్టణమున జరిగిన వాద్యముల ప్రదర్శనమున రెండు కంపెనీల యంత్రములకు నడుమ నొక తీగ కట్టి, ఒకదాని మెట్టు నొక్కగా రెండవది పలికినట్లు చూపిరి. ఆ కొలతను ఎవరును రుసుము చెల్లింపనక్కఱ లేకుండ వాడుకొనునట్లు లోకమునకు విడిచిరి. ముప్పదియేండ్ల పిమ్మట, 2013లో, ఆ యిరువురకును గ్రామీ సంస్థవారి సాంకేతిక పురస్కారము లభించినది. నేడు మా అమ్మాయి కీబోర్డు ఒకరిది, కంప్యూటరు ఒకరిది, సాఫ్టువేరు వేఱొకరిది. అయినను మూడును ఒకదాని మాట నొకటి వినుచున్నవన్న, ఇది వారి చలువయే.

ఇక సమ్మెట చప్పుడు చెప్పిన పాఠము. ఒకనాటి మధ్యాహ్నము ఎదుటి షెడ్డులో లారీ తొట్టిని బాదుచుండగా అమ్మాయి ఒక మోహనరాగపు గీతమును వాయించినది. గదిలో మాకే వినబడలేదు. కాని కంప్యూటరు దానిని తిరిగి వినిపించినపుడు ఒక్క సమ్మెట దెబ్బయు అందులో లేదు. ఆజ్ఞలను మోయు తీగకు చెవి లేదు గదా, చప్పుడెట్లు చొచ్చును? అది చూచి మేము ఎంతయో సంతసించితిమి. ఇంక మామ్మ పాటలనుకూడ పట్టపగలే మెట్లమీద వాయించి దాచవచ్చునని అమ్మాయి ఉవ్విళ్లూరినది. ఊర్మిళాదేవి నిద్రలో మొదటి చరణములను మెట్లమీద దింపి మామ్మకు వినిపించినది. ఆమె కన్నులు మూసికొని కడవఱకు విని, "అక్షరాలన్నీ ఉన్నాయి తల్లీ, పలుకు లేదు" అనిరి.

ఆ తీర్పునకు శాస్త్రాధారము గలదు. పదుమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువుననున్న శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున గమకములు పదునైదని లెక్కించి చెప్పినాడు. స్వరమును వినువారి మనసునకు హాయి గలుగునట్లు కదలించుటయే గమకము. ఆ కదలిక మెట్టుమీద నుండదు. మెట్టునకు మెట్టునకు నడుమ నుండును. కీబోర్డున స్థాయికి పండ్రెండు మెట్లు. నడిమి చోటు శూన్యము. కొన్ని కీబోర్డుల ప్రక్కన నుండు చక్రమును త్రిప్పినచో స్వరము కొంత వంగును. సాధన చేసినవారు దానితో మంచి గమకములు పలికింపగలరు. పల్లెపాటలో గమకము సభలలోని పాటయందువలె విస్తారముగా నుండకపోవచ్చును. కాని ఏడుపునకు, నవ్వునకు, నిట్టూర్పునకు దగ్గఱగా నుండు నొక జాఱుడున్నది. దానిని సంఖ్యగా మార్చుట ఎట్లు?

ఈ తగవు క్రొత్తది కాదు. ఐరోపానుండి వచ్చిన హార్మోనియము మన నాటకరంగమును ఏలినది. పద్యనాటకమన్న హార్మోనియము లేక నడువదు. అయినను మెట్ల వాద్యము మన స్వరమునకు పనికిరాదని చెప్పి అఖిల భారత రేడియోవారు 1940లో దానిని వెలివేసిరి. 1971 వఱకు ఆ నిషేధము సడలలేదు. రవీంద్రనాథ ఠాకూరును హార్మోనియమును మెచ్చినవారు కారు. మఱియొక వైపు చూడుడు. మన వింజమూరి అనసూయాదేవిగారు హార్మోనియమున ప్రవీణురాలు. సోదరి సీతాదేవిగారితో గూడి పల్లెపాటలను రేడియోకును, సభలకును ఎక్కించి, నాగరికులచేత చెవి యొగ్గించినది ఆమెయే. మెట్లు పాటను చంపుననుటయు, మెట్లే పాట యనుటయు రెండును సరికావు. మెట్లు పాటకు తోడు. అంతవఱకే దాని యధికారము.

కాబట్టి మా యింట పని రెండు పాళ్లుగా విభజించుకొంటిమి. శ్రుతియు, తోడు వాద్యమును తీగలో. అత్తగారి కంఠము మైకులో. తోడు వాద్యమును పట్టపగలు సమ్మెటలనడుమ వాయించుకొనవచ్చును. కంఠమునకు మాత్రము నిశ్శబ్దము కావలెను. షెడ్లు తెఱవకమునుపు, తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు మా గానశాల తెఱచుచుంటిమి. కార్తికమాసము గావున పంకా ఆపినను ఉక్క లేదు. కిటికీలకు బొంతలు వ్రేలాడగట్టితిమి. అవి వీధి చప్పుడును కొంత ఆపును, గోడల ప్రతిధ్వనిని మఱింత ఆపును. రిఫ్రిజిరేటరును అరగంట ఆపితిమి. మనకు వినబడని దాని గునుపు మైకునకు వినబడును. పని ముగియగానే తిరిగి వేయుట మఱవకుడు.

ఇన్ని చేసినను మొదటినాడు గొంతు వెనుక తుమ్మెద ఝంకారమువంటి మ్రోత యొకటి వచ్చినది. క్రింది వాటాలోనున్న, లారీలకు కరెంటు పనులు చేయు నొక పెద్దాయన దానిని విని, "ఎర్తు సరిగా లేదమ్మా. చార్జరు పీకి, బ్యాటరీమీద నడిపి చూడండి" అనిరి. చార్జరు తీసినంతనే తుమ్మెద యెగిరిపోయినది. లారీలో ఎర్తు వదులైనను రేడియో ఇట్లే మ్రోగునని ఆయన చెప్పిరి. మీకును అట్టి మ్రోత వచ్చినచో క్రొత్త మైకు కొనుటకు ముందు ఇది చేసి చూడుడు.

శ్రుతి విషయమున నొక సూక్ష్మమున్నది. మొదట ఏ వాద్యమును లేకుండ అత్తగారిని తమంతట పాడనిచ్చి, ఆమె షడ్జమెచట నిలుచునో చూచితిమి. అది నాలుగు శ్రుతికిని నాలుగున్నర శ్రుతికిని నడుమ నిలిచినది. ఏ మెట్టుమీదను లేదు. వృద్ధురాలిని మెట్టునకు ఈడ్చుటకంటె మెట్టును ఆమె చెంతకు తెచ్చుట న్యాయము. చాలా కీబోర్డులలో శ్రుతిని రవంత హెచ్చించుటకు, తగ్గించుటకు నొక సదుపాయముండును. కాని ఇచటను తీగ స్వభావమును మఱువరాదు. కీబోర్డులో చేసిన ఆ సన్నని సవరణ మెట్టు సంఖ్యతో కలిసి తీగలో పోదు. కంప్యూటరులోని వాద్యమును వాడునప్పుడు అచటను అదే సవరణను విడిగా చేయవలెను. లేనిచో కీబోర్డున కలిసిన శ్రుతి కంప్యూటరున విడిపోవును.

రెండవది ఆలస్యము. మెట్టు నొక్కిన తోడనే కంప్యూటరు పలుకక, రవంత తడసి పలుకుచుండుట గలదు. మృదంగగాడు గాయకుని వెనుక బడినట్లుండును. కంప్యూటరు ధ్వనిని సెకనునకు 44,100 ముక్కలుగా లెక్కించి, కొన్ని ముక్కలను గంపలో నింపి ఒక్కసారి దింపును. గంపలో 2,048 ముక్కలు పట్టినచో ఇంచుమించు సెకనులో ఇరువదియవ వంతు జాగు, చేతికి తెలియును. 256 ముక్కలకు తగ్గించినచో వేయింట ఆఱు వంతులు మాత్రమే. చెవి దానిని ఓర్చుకొనును. గంప మరీ చిన్నదైనచో కంప్యూటరు పరుగెత్తలేక చిటచిటలాడును. సాఫ్టువేరులో 'బఫరు' అను పేరున నున్న సంఖ్యయే ఈ గంప. మీ కంప్యూటరు ఓపికనుబట్టి దానిని దించుకొనుడు.

శ్రుతి మ్రోత మైకులో పడకుండుటకై అత్తగారికి హెడ్‌ఫోనులు పెట్టితిమి. రెండు చెవులును మూయగా తన గొంతు తనకే పరాయిదైనదని ఆమె తీసివేసిరి. ఒక చెవిమీద నుంచి, ఒక చెవిని విడిచిన పిదప కుదుటపడిరి. మూడు తెల్లవారుజాములలో ఊర్మిళాదేవి నిద్ర ముగిసినది. నడుమ దగ్గులున్నవి, ఒక చరణము మఱచి తిరిగి అందుకొనుట యున్నది, ఊర్మిళ మేలుకొను ఘట్టమున ఒక చిన్న నవ్వున్నది. అమ్మాయి దగ్గులను కత్తిరించెదనన్నది. కత్తిరించిన ప్రతిని వేఱుగా చేసికొమ్మని చెప్పి, మూలమును తాకనీయలేదు. అన్నమునుండి ఱాళ్లు ఏరవచ్చును. బియ్యపు బస్తానే పాఱబోయరాదు.

లాలి, మేలుకొలుపు, హారతులు అయినవి. అప్పగింతల పాటకు వచ్చుసరికి అత్తగారు మైకును ప్రక్కకు నెట్టిరి. "పెళ్లికూతురు లేని అప్పగింతల పాట ఏమిటే అమ్మాయీ? ఎవరిని అప్పగించను, ఆ పెట్టెకా?" అనిరి. మేము బతిమాలితిమి. మా వారును తల్లికి నచ్చజెప్ప జూచిరి. "దాని పెళ్లికి పాడతాను" అని మనుమరాలిని చూపిరి. దానికి పదుమూడేండ్లు. అప్పటికి ఆ కంఠముండునో లేదో యని మాలో మేము తలంచుకొంటిమే కాని, ఆ మాటను నోట పలుకుట ఎట్లు? కొంతసేపటికి ఆమెయే మా మనసెఱిగినట్లు, "నేర్పడం వేరు, పాడడం వేరు. నేర్చుకుంటానంటే నేర్పుతాను, ఆ పెట్టె మూసి రండి" అనిరి. నాటినుండి సాయంకాలము సమ్మెటలు ఆగిన పిదప మేమిరువురమును ఆమె మంచము దగ్గఱ కూర్చుండి నేర్చుకొనుచున్నాము. ఇప్పటికి నాలుగు చరణములు వచ్చినవి. మా గొంతులో ఆ జాఱుడు ఇంకను సరిగా పడుట లేదని ఆమె తిరిగి తిరిగి చెప్పించుచున్నారు.

పుస్తకమున మాట, తీగలో మెట్లు, మైకులో కంఠము, నేర్చినవారిలో పాట — ఇదియే మేము తెలిసికొన్న పాత్రవిభాగము. ఒకదాని పని మఱియొకటి చేయలేదు. మీ యింట ఈ పనికి పూనుకొను తలంపున్నచో అనుభవముమీద తెలిసిన కొన్ని మాటలు చెప్పి ముగింతుము. పాట మొదలిడుటకు ముందు పాడువారిచేతనే వారి పేరును, ఊరును, ఎవరివద్ద నేర్చినదియు, ఆ నాటి తేదీయు చెప్పింపుడు. ఇరువదియేండ్ల పిదప ఆ నాలుగు మాటలకే ఎక్కువ విలువ యుండును. కంఠమును ఎం.పి.3 రూపమున గాక, కుదింపని వేవ్ రూపమున భద్రపఱపుడు. ఒక్క మైకుతో పట్టినచో నిముసమునకు అయిదు మెగాబైట్లకు కొంచెము పైబడును, అరగంట పాట నూటయఱువదిలోపల ఇముడును. ఈ కాలమున అది పెద్ద చోటు కాదు. ఆ ప్రతులను ఒక్క కంప్యూటరుననే యుంచక, ఒకటి పెన్‌డ్రైవులో పెట్టి పుట్టినింటనో, ఆడబిడ్డ యింటనో వేఱొక ఊరిలో ఉంచుడు. నీరు ఒక యింటిలోనికి వచ్చినను రెండవ యింట పాట మిగులును. మా ప్రతి యొకటి హైదరాబాదులోనున్న ఆడబిడ్డగారి యింట చేరినది.

వీనియన్నిటికంటె ముందు, పాడువారు ఏ పాటను ఇత్తురో, ఏ పాటను ఈయరో వారినే అడుగుడు.